మామ కోసం రంగేసిన కుర్సీ

గట్ల చూడకు మామా! చూసేదేదో కుర్సీని చూడు. నా మొకం రోజూ ఉండేదే, కుర్సీని చూడు.

మన పెద్ద చెరువు తూము కాడి నుంచి మీ శేరిగూడ పొలిమేర దాక ఇల్లిల్లు తిరిగి అడుగు. విరిగిన కుర్సీని ఇంటికి తెచ్చి, పాత రంగు గీకి, లేని కాలు పెట్టి, చినిగిన పీట అల్లి, కొత్త రంగేసి, నవాబు సాబు వచ్చి కూసున్నా వంక పెట్టకుంట నిలబెట్టిన మొగోడు ఎవడన్న ఉన్నడా? ఒక్కడే! నీ అక్క కొడుకు, ఈ కొండల్! మన చేపలోళ్ళల్ల ఇసొంటోడు ఏడు తరాల సంది పుట్టలేదు, ఇంకేడు తరాలు పుట్టడు!

నిలబెట్టిన అంటే... గోడకు ఆనిచ్చి నిలబెట్టిన అనుకో. ఉత్తగ ఇడిస్తే ఎడమ దిక్కు ఒరుగుతది.

అవ్, అవ్. నీ కోపం కుర్సీ మీద కాదు, నాకెర్కే. మేనమామ గడపలకొచ్చి నిలబడ్డడు, అల్లుడేమో కాలు మీద కాలేసుకొని కుర్సీల కూసున్నడు, లేస్తలేడు. గిదే గద? కాలు మీద కాలెందుకేసిన్నో గది కూడ చెప్త. ముందు నువ్వు కూసో. అగో, గా చేపల బుట్ట బోర్లించి ఉన్నది, దాని మీద కూసో. నిన్ననే కడిగిన, వాసన రాదు. వచ్చినా మన వాసనే గద!

కూసోవా? నీ ఇష్టం. నిలబడు. నిలబడితే పెయ్యికి మంచిదంటరు.

మూతి మీద ఏందా? మసి. పొయ్యి ఊదిన. తుడుచుకుంటలే.

లేస్త, లేస్త! లేవనని ఎవలన్నరు? కాలు తిమ్మిరెక్కింది, ఒక్క ఘడియ ఆగు. చెయ్యిస్తవా? వద్దొద్దు! పెద్దోనివి, నువ్వు నన్ను లేపుడేంది? పాపం తగుల్తది నాకు. చెయ్యి ఎనకకు తీస్కో.

మా అవ్వ ఇప్పుడే వస్తది. తమ్ముడొస్తున్నడని బెల్లం తేను బజారుకు పోయింది నీ అక్క. గామె వచ్చేదాక జర ముచ్చట పెట్టుకుందం. ఎడ్లను ఇప్పరాదు? పాపం, మెడ మీద కాడి అట్లనే ఉంది. ఈదమ్మ కూడ బండి దిగలేదేంది? అత్త ఇల్లే గద, కొత్తనా?

ఓహో. ఇప్పవన్నమాట. బిడ్డను అత్త కాడ దింపి, నువ్వు ఇటు నుంచి ఇటే పెద్ద అంబర్‌పేటకు పోతవ్. పోయి గా హన్మంత్ నాయినకు మాటిస్తవ్. నా బిడ్డ ఇగ మీ ఇంటి కోడలు అని చెప్పొస్తవ్. అంతేనా?

నాకు తెల్వదనుకున్నవా మామా? ఊరందరికి తెలుసు. మా కోళ్ళకు కూడ తెలుసు.

అయినా ఒక్క మాట. శేరిగూడ నుంచి పెద్ద అంబర్‌పేటకు మా వాకిట్లకెళ్ళి పోవలసిన పనే లేదు. బండిని గింత దూరం మలిపినవ్. ఎందుకు మలిపినవ్? బిడ్డను రేపైనా దింపొచ్చు గద? చెప్పకు. చెప్పకులే. నువ్వు దగ్గినవ్, నాకు గది చాలు.

అసలు తప్పు నీదే మామా. చేతికట్టె లేపకు, నీదే! మూడు నెలల కింద పెద్ద అంబర్‌పేట పోయొచ్చి గీ అరుగు మీదనే కూసొని ఏమన్నవ్? పిల్లగాడు ఎట్లున్నడు తమ్మీ అని మా అవ్వ అడిగింది. నువ్వేమన్నవ్? "అక్కా, నన్ను కుర్సీల కూసోవెట్టిన్రు!"

ఇల్లు మంచిదేనా అంటే, "చేతులున్న కుర్సీ అక్కా" అన్నవ్.

మరి అత్త ఎసొంటిది అంటే, "ఎనకకు ఆనుకోవచ్చు" అన్నవ్.

నేను గా మూలకు కూసొని వల కుడుతున్న. సూది ఏలుకు దిగింది. ఇగో, ఇంక మచ్చుంది చూడు. మా మామ పిల్లగాన్ని చూడలేదు, పొలం చూడలేదు, కుర్సీని చూసొచ్చిండు అని గప్పుడే సమజైంది నాకు.

నిన్ను అననులే. మన బతుకుల కుర్సీ ఎక్కడిది? మా ఊరు మొత్తం మీద రెండున్నయి. పటేలు ఇంట్ల ఒకటి, చావడిల ఒకటి. భూముల లెక్క చూసే గిర్దావరు సాబు దౌరాకొస్తే చావడి కుర్సీల గిర్దావరు కూసుంటడు. రాని దినం పిల్లి పండుకుంటది. మనం మాత్రం ఏ దినమైనా కిందనే. యాభై ఏండ్లు చేతులు కట్టుకొని నిలబడ్డోనికి, ఒక్కనాడు ఎవలో కుర్సీ చూపిచ్చి "కూసో బుగ్గయ్యా" అంటే మనసు కరగదా? నాదైతే కారి కిందనే పడుతుండె.

గందుకే అనుకున్న. మామకు కుర్సీ కావాలె. కుర్సీ ఉన్నకాడికే బిడ్డనిస్తడు. గట్లైతే కుర్సీ తెస్త!

నవ్వినవా? మీసం కదిలినట్టయింది. కాదా? గాలి కావొచ్చు.

పట్నంల జుమ్మేరాత్ బజార్ ఉంటది చూడు, బేస్తారం బేస్తారం. నవాబుల ఇండ్లల్ల పాతబడ్డ సామానంత ఆడికే వస్తది. అద్దం లేని అలమార్లు, అలమారి లేని అద్దాలు. చేపలు అమ్మను పోయినోన్ని జర తిరిగొద్దమని పోయిన. ఒక మూలకు పడి ఉంది ఇది. కాళ్ళు మూడు. పీట నడుమ మేక తలకాయ పట్టేంత బొక్క. మీద నల్ల రంగు పొక్కులు పొక్కులు లేచి ఉంది.

అమ్మెటాయన ముసలి సాబు. గడ్డం నిండ మైదాకు ఎరుపు. "మియా, ఇది ఉత్త కుర్సీ కాదు, దీని మీద శాన పెద్దోళ్ళు కూసున్నరు" అన్నడు.

"గంత పెద్దోళ్ళు కూసుండబట్టే కాలు విరిగిందా సాబ్?" అన్న.

పకపక నవ్విండు మామా, పళ్ళు లేని నోటితోని. రెండు కొర్రమట్ట చేపలు చేతుల పెట్టిన, కుర్సీ నా నెత్తికెక్కింది.

పట్నం నుంచి మన ఊరికి నడక ఎంతనో నీకు తెల్వనిదా? కుర్సీని బోర్లించి నెత్తి మీద పెట్టుకుంటే మూడు కాళ్ళు మీదికి లేచి, ఏదో మూడు కొమ్ముల జీవి లెక్క ఉన్న. ఊరూరి కుక్కలన్ని నా ఎనకనే. మీర్‌పేట దాటేసరికి మెడ కుంగిపోయింది. బాట పక్కకు దించి, లేని కాలు కాడ రాయి పెట్టి, జర కూసున్న.

గంతే! గా కుర్సీ మహిమేందో మామా, నా పుట్టుకల నాకెవలు సలాం కొట్టలేదు. పెయ్యంత చేపల వాసన, కాళ్ళ నిండ దుబ్బ. ఒక ముసలాయన అటుకెళ్ళి వస్తున్నడు. నన్ను చూసిండు, ఆగిండు, చెప్పులిడిసిండు, నడుం వంచి దండం పెట్టిండు. "దొరా, పక్కింటోడు నా మేకను కట్టేసుకున్నడు, ఇస్తలేడు" అన్నడు.

ఇగ నేనేం చెయ్యాలె? నేను చేపలోన్ని తాతా అంటే ఆయన పెట్టిన దండం కరాబైపోదా? గొంతు సవరించుకున్న.

"మేక ఏం తిన్నది?"

"బీర పాదు దొరా."

"ఎంత తిన్నది?"

"పూరా తిన్నది."

కండ్లు మూసి జర ఆలోచన చేసి తీర్పు చెప్పిన. "మేకను ఇడిపిచ్చుకో. మళ్ళ పాదు పెరిగి బీరకాయలు కాసేదాక మేక పాలు పక్కింటోనికి పొయ్యి."

ఎంత మంచి తీర్పు! ముసలాయన మూడు దండాలు పెట్టి పోయిండు. పోయినోడు బాట మలుపు కాడ ఆగి, నెత్తి గోక్కుంట మళ్ళ వచ్చిండు. "దొరా, నాది పోతుమేక" అన్నడు.

నేను కుర్సీని నెత్తికెత్తుకొని ఉరికిన. మళ్ళ ఎనక్కి చూడలేదు.

అంటే ఇప్పుడు నేను లేస్తలేనంటే గా దొరతనం తలకెక్కిందనుకోకు. లేస్త. కాలు తిమ్మిరి ఇంక పోలే. మొండి తిమ్మిరి పట్టింది ఇది.

ఇంటికొచ్చి గీకుడు పెట్టుకున్న. సీస పెంకు పట్టుకొని. నల్ల రంగు గీకితే కింద ఆకుపచ్చ. ఆకుపచ్చ గీకితే నీలం. నీలం గీకితే గులాబి! గులాబి రంగు కుర్సీల ఏ నవాబు కూసున్నడో, ఏం ముచ్చట పడ్డడో! నాకు గమ్మతి పుట్టి ఇంక గీకిన. మా పక్కింటి జహంగీర్ అన్న ఎర్కే గద? పట్నంల పెద్దోళ్ళ తలుపులకు రంగులేసి వచ్చినోడు. గోడ మీదికెళ్ళి తొంగి చూసి, "అరె కొండల్, జర ఆగరా! గట్లనే గీకితే కట్టె అయిపోయి గాలి మిగుల్తది" అన్నడు. ఆపిన.

నాలుగో కాలు మా అవ్వ మంచం కోడు. గది అడగకు. ఏం, తప్పా? మంచానికి రాయి పెట్టిన గద! పండుకున్నప్పుడు తలాపుకు తల ఉంటది, లేచేసరికి కాళ్ళ దిక్కుకు జారొస్తది, గంతే. మనిషి మాత్రం మంచం మీదనే ఉంటది. ఎంత తిట్టిందో నీ అక్క! తిట్టి తిట్టి చివరికి, "మా తమ్ముడు కూసుంటడంటే ఇచ్చిన, నీ మొకం చూసి కాదు" అన్నది.

ఇగ పీట. బెత్తం అల్లుడు నాకు రాదు. వల అల్లుడు వస్తది. వల తాడు పేనినంత గట్టిగ పేని, కొర్రమట్ట తన్నినా తెగకుంట అల్లిన. నా వల సంగతి నీకు తెల్వదా మామా? దాన్ల పడ్డది బయటికి పోదు.

నడుమ ఒక ముడి ఉంటది. నా ముడి కాదది.

చెప్పన్నా? చెప్త. పోయిన వానకాలం మీరందరు వచ్చిన్రు చూడు. కట్ట మీద నేను వల చిక్కు తీస్తుంటే ఈదమ్మ ఎనక నిలబడి చూసి చూసి, "బావా, నీ వలల చేపలకంటే బొక్కలే ఎక్కువున్నయి" అన్నది. అని, నా చేతులకెళ్ళి గుంజుకొని ఒక బొక్క కుట్టి ముడేసి ఇచ్చింది. మీ దిక్కు ముడి వేరే తీరు గద, ఎడమకెళ్ళి తిప్పుతరు. గా వలను మళ్ళ నీళ్ళల్ల ఏయలేదు మామా. ఎట్లేస్త? ముడి నానిపోదా? అవ్వ అడిగితే వల పాతబడ్డది అన్న. గా ముక్కనే కోసి తెచ్చి పీట నడుమ అల్లిన. నువ్వు కూసునేకాడ నీ బిడ్డ ముడి ఉండాలని.

బండిల ఎవలు దగ్గుతున్నరు? ఈదమ్మనా? దుబ్బ లేచినట్టుంది.

రంగు సంగతి చెప్పనియ్యి. జహంగీర్ అన్న మంచిగనే చెప్పిండు, పాపం ఆయనది తప్పు లేదు. "జాజు దంచి జల్లెడ పట్టు. అవిసె నూనె కాగబెట్టి చల్లారినంక కలుపు. సన్నగ పుయ్యి. ఆరినంక ఇంకోపారి సన్నగ పుయ్యి." గింతే.

జాజు ఇంట్లనే ఉంది, అవ్వ గడపకు పూసే ఎర్రమన్ను. అవిసె నూనె ఏడిది? మళ్ళ పట్నం పోవాలె. బాటల గా పోతుమేక తాత ఉంటడు. పోబుద్ధి కాలే. ఇంట్ల చూస్తే కుండెడు ఆముదం. నువ్వే చెప్పు మామా, మన దిక్కు ఆముదం చెయ్యని పని ఉందా? దీపం దానితోనే. నెత్తికి అదే. బండి ఇరుసుకు అదే. పోరగాళ్ళ కడుపు బిగుసుకుంటే అదే. గిన్ని కొలువులు చేసే నూనెకు ఒక్క కుర్సీ మీద ఆరుడు రాదా? నూనె ఏదైతేంది అనుకున్న.

సన్నగ పుయ్యమన్నడు. మామ కూసునే కుర్సీకి సన్నగ పూస్తనా? నేను గంత పిసినారోన్నా? పప్పుల నెయ్యి పోసినట్టు పూసిన. మూడు పూతలు!

మెరిసింది మామా, ఏమన్న మెరిసిందా! జహంగీర్ అన్న వచ్చి "వాహ్" అన్నడు. ఏలు పెట్టిండు, ఏలు చూసుకున్నడు. "ఎన్ని దినాలైందిరా?" అన్నడు. మూడు అన్న. "ఎండల పెట్టు" అన్నడు. ఎనిమిదో దినం మళ్ళ వచ్చి మళ్ళ ఏలు పెట్టిండు. "ఏం నూనె పోసినవ్?" అన్నడు. నూనెనే అన్నా అన్న. నా దిక్కు చూసిండు, మా అవ్వ నెత్తి దిక్కు చూసిండు, మర్లి పోయిండు. మస్తు సేపు గోడ అవతల దగ్గు వినవడ్డది. దగ్గేనో, కాదో.

ముందుగాల జర జిగురు ఉండె, లేదనను. ఈగలు వాలినయి, మళ్ళ పోలే. మా నల్ల కోడి ఎగిరొచ్చి దీని చేతి మీద కూసున్నది. ఇడిపిచ్చేసరికి నాలుగీకలు కుర్సీకి మిగిలినయి. ఇగో, గివే. సింగారానికి పెట్టిన అని నీకు చెప్దమనుకున్న.

గనీ గది మొన్నటి సంగతి. నిన్న అవ్వ పొయ్యిల బూడిద జల్లెడ పట్టి మీద చల్లి, గుడ్డ పెట్టి తుడిసింది. ఇప్పుడు పూరా పొడిగ... ముట్టకు! ముట్టి చూడకు మామా! కొత్త రంగు, ఏలి మచ్చలు పడ్తయి!

ఏందీ? ఎటు తిరిగినవ్? కట్టె చేతికి తీసుకున్నవేంది?

మామా, ఆగు! అవ్వను రానియ్యి. బెల్లం నీళ్ళన్న తాగి పో. దండం పెడ్త మామా! కూసున్నకాడికెళ్ళి దండం పెట్టుడు తప్పే, నాకెర్క లేదా, గనీ...

ఏమన్నవ్?

పెద్దోళ్ళకు లేచి నిలబడుడు తెల్వని ఇంట్ల నా బిడ్డనియ్య అన్నవా?

గట్టిగనే అన్నవ్. ఈదమ్మ కూడ విన్నది. దగ్గు ఆగింది చూడు బండిల.

సరే. ఇగ దాస్తే నా బతుకు పెద్ద అంబర్‌పేటల మునుగుతది. ఇటు తిరుగు మామా. తిమ్మిరి లేదు. తిమ్మిరి అబద్ధం. లేవనని కాదు. లేవరాదు నాకు.

అతుక్కున్న.

కుర్సీకి. నేను. ఎనక దిక్కు.

నమ్మవా? చూడు, ఇగో, లేస్తున్న... చూసినవా? నాతోటి కుర్సీ కూడ లేచింది! నీకు మర్యాద ఇచ్చుట్ల ఇద్దరం కల్సే ఉన్నం మామా, దాన్ని కూడ జర దీవించు. ఆరు కాళ్ళ అల్లుడు హన్మంత్ ఇంట్ల దొరుకుతడా నీకు? పొద్దుగాలటి సంది గిదే కత. నీ బండి వచ్చిందేమో చూద్దమని నాలుగుపార్లు వాకిలి దాక పోయొచ్చిన, గిట్లనే, తాబేలు లెక్క. కోళ్ళన్ని పక్కింటికి ఉరికినయి. ఇంక రాలే.

అవ్, మళ్ళ కూసుంట. నడుం గుంజుతున్నది.

ధోతి కొత్తదే. పోయిన ఏడు జాతరకు నువ్వు పెట్టిందే. గీ దినానికని దాసుకున్న. తెల్లగుండె మామా, ముందు దిక్కు ఇంక తెల్లగనే ఉంది. ఎనక దిక్కు కోతికీ నాకూ ఫరక్ ఉండదు. కాలు మీద కాలేసింది పొగరుకు కాదు. ధోతి ఒక దిక్కుకు గుంజుకపోయింది, మానం దక్కిచ్చుకుంటున్న.

నీ కోసం చేసిన కుర్సీల నేనెందుకు కూసున్ననా?

గది అడగకు మామా. అన్నీ అడుగు, గది అడగకు.

కట్టె దించు, చెప్త.

మూతి మీదిది మసి కాదు. అంటే మసే, గనీ ఉత్త మసి కాదు. మీసం. బొగ్గు అరగదీసి పెట్టుకున్న. నీ మీసం. ఇందాకటి సంది చూసుకుంట కూడ ఏమనలేదు నువ్వు, నీ మంచితనం.

నువ్వు కూసుంటే ఎట్లుంటదో, ఏమంటవో అని నాకు ఒకటే గుబులు. అవ్వ బజారుకు పోయినంక కుర్సీల కూసొని నేనే నువ్వయిన. తెప్ప గడను నీ చేతికట్టె లెక్క పట్టుకున్న. నీ లెక్క దగ్గిన. మళ్ళ కిందికి చూసి నా గొంతుతోని అడిగిన, "మామా, ఈదమ్మను నాకిస్తవా?"

నీ గొంతుతోని, "నీకేముందిరా?"

"చెరువుంది. వలుంది. అవ్వ ఉంది. గీ కుర్సీ ఉంది మామా."

నీ గొంతుతోని, "ఊఁ... ఇయ్య."

ఇయ్యనన్నవ్ మామా! ఏం చెయ్యాలె, నీ లెక్క అచ్చం చేస్తే గదే వచ్చింది నోట్లకు. మళ్ళ అడిగిన. మళ్ళ ఇయ్యనన్నవ్. బతిలాడిన. ఇంకోపారి ఇయ్యనన్నవ్. ఐదోపారికి మీసం దువ్వుకుంట, "సరే తీయ్, నా బిడ్డను మంచిగ చూసుకో" అన్నవ్.

ఎంత మంచిగ అన్నవనుకున్నవ్! నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. గా మాట మళ్ళొక్కపారి వినాలనిపిచ్చింది. విన్న. ఇంకొక్కపారి అనుకున్న. గట్ల ఎండ గడప దాటి కాళ్ళ మీదికొచ్చేదాక నువ్వు బిడ్డనిస్తనే ఉన్నవ్, నేను కూసొని వింటనే ఉన్న. బూడిద కింద రంగు నా పెయ్యి ఏడికి మెత్తగైంది. లేద్దమని చూస్తే... నువ్వు మొదటిపారే అవ్ అని ఉంటే ఎప్పుడో లేస్తుంటి. తప్పు నీదే అని ముందుగాలనే చెప్పిన గద!

మామా?

మొకం అటు తిప్పుకున్నవేంది? భుజాలు ఊగుతున్నయేంది? ఏడుస్తున్నవా?

అరె! మీసం కదిలింది! ఇప్పుడు గాలి లేదు మామా, గాలి అనకు!

ఏందీ? ఎవలతోని అంటున్నవ్? "ఎడ్లను ఇప్పు బిడ్డా" అన్నవా? మళ్ళ అను. మళ్ళొక్కపారి అను మామా, నీ గొంతుతోని నువ్వే అను!

మరి పెద్ద అంబర్‌పేట? గా చేతుల కుర్సీ?

గా కుర్సీల ఇనుప మొల ఉండెనా? కూసున్నంతసేపు గుచ్చిందా! మరి మూడు నెలల సంది ఎందుకు చెప్పలే? ...అవ్. ఎట్ల చెప్తరు. యాభై ఏండ్లకు ఒకపారి కూసోవెడితే మొల గుచ్చుతున్నదని ఎట్ల చెప్తరు. ఏం ఫికర్ చెయ్యకు మామా, నా కుర్సీకి మొలల్లేవు. ఉత్త తాడే. జర జిగురు, గంతే.

ఆగు! ఆగాగు! లాగకు! రెండు చేతులు పెట్టి లాగకు మామా, నీకు దండం పెడ్త!

ధోతి ముడి ఇప్పి బయటికి రావాల్నా? ధోతి కుర్సీకే ఇడిచి? మంచి ఉపాయమే. పొద్దుగాలనే వచ్చింది నాకు గా ఉపాయం.

గనీ... జర కిందికి వంగు. చెవుల చెప్త.

లోపల గోచి లేదు.

గట్ల చూడకు మామా! నువ్వొస్తున్నవని అన్నీ ఉతికి ఆరేసిన. అన్నీ అంటే ఏంది, ఒక్కటే. అగో, వాకిట్ల దండెం మీద ఉంటది, ఎర్రది. నువ్వే పోయి జర...

అయ్యో. ఈదమ్మ బండి దిగిందేంది? ఎడ్లను దండెం గుంజకే కట్టేస్తున్నదేంది?

మామా, జల్ది పో. ఉరుకు. నీ బిడ్డ ఎద్దు మెడ తుడుస్తున్నది చూడు, గా ఎర్ర గుడ్డతోని... గదే. నాకున్నది గదొక్కటే.